మూడు చుక్కల ముక్క

లేత్ మేస్త్రికి కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అంటారు. అదేం కాదు. ముక్కు మీదిదైతే ఒకసారి చీదేస్తే పోయేది. ఈయనకి కోపం ఒళ్ళంతా ఉంటుంది. పొద్దున్నే షట్టరు ఎత్తుతూ షట్టరుని తిడతాడు. మోటారు బెల్టుని తిడతాడు. కరెంటు పోతే కరెంటుని, ఉంటే వోల్టేజీని తిడతాడు. అరవై రెండేళ్ళ బక్కపలచని మనిషి, అంత తిట్టు ఎక్కడ దాచుకుంటాడో తెలియదు. వీధిలో పిల్లలు ఆయనకి 'చిటపటలు' అని పేరు పెట్టారు. పెద్దవాళ్ళూ అదే వాడతారు, కాకపోతే ఆయన లేనప్పుడు.

తిట్టినా జనం వస్తారు. రాక ఏం చేస్తారు చెప్పండి? ఆయన సామాన్లు చేసిచ్చేది ఒక పాత రకం మోటారుసైకిలుకి, దాన్ని చేసిన కంపెనీ మూతపడి ఇరవై ఏళ్ళు దాటింది. మూసేవాడు మూసేసి తాళం జేబులో వేసుకుని చక్కా పోయాడు. రోడ్ల మీద తిరిగే బండ్లు మాత్రం ఆగలేదు. పాలవాడి దగ్గర ఒకటి, కాంపౌండరు దగ్గర ఒకటి, తాతది మనవడు వాడుకుంటున్నవి నాలుగు. కిక్కు రాడ్డు విరిగితే ఏ కొట్లోనూ దొరకదు. దొరికినా నెల తిరక్కముందే మళ్ళీ విరుగుతుంది. అప్పుడు ఈయన గుమ్మం తొక్కాల్సిందే.

ఆ గది రెండు మంచాలు వేస్తే నిండిపోయేంత ఉంటుంది. మధ్యలో ఇనుముని తిప్పి చెక్కే లేత్, గోడ వారన గ్రైండరు, మూలన కొలిమి, దాని పక్కన నూనె తొట్టి. ఉక్కు కోసం ఆయన ఎవరినీ నమ్మడు. పాత ఇనుము యార్డుకి తనే వెళ్ళి, విరిగిన లారీ ఇరుసుల గుట్టలో గంటల తరబడి వెతుకుతాడు. యార్డు వాడు 'ఏదో ఒకటి తీసుకో మేస్త్రీ' అన్నాడా, వాడి పని అయిపోయినట్టే. నచ్చిన ముక్కని గ్రైండరుకి ఆనించి రవ్వలు చూస్తాడు. రవ్వలు తెల్లగా, గుబురుగా విచ్చుకుంటే తెస్తాడు. ఎర్రగా, పొడుగ్గా జారితే విసిరి కొడతాడు.

గోడ మీద ఎర్ర రంగుతో రాసి ఉంటుంది: 'బండి తీసుకురండి. ముక్క తెచ్చి అడగొద్దు.' అది పొగరు కాదు, పని పద్ధతి. అరిగిపోయిన ముక్కని కొలిచి అచ్చం అలాగే చేస్తే, అరుగుదల కూడా కొలతలోకి వచ్చేస్తుంది. అప్పుడు మీకు దక్కేది కొత్తగా చేసిన పాత సామాను. అందుకని ఆయన బండి విప్పుతాడు, ముక్క కూర్చునే చోటు కొలుస్తాడు, అరగని అంచు ఎక్కడుందో వేలితో తడిమి పట్టుకుంటాడు. చేసిన ముక్కని కొలిమిలో ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి గట్టిపరుస్తాడు. అన్నీ సరిపోయాకే మొనదేలిన పంచ్ పెట్టి తన గుర్తుగా మూడు చుక్కలు కొడతాడు. మూడు చుక్కలుంటే కళ్ళు మూసుకుని బిగించవచ్చని చుట్టుపక్కల మెకానిక్కులందరికీ నమ్మకం. ఆయనకి ఉన్న ఆస్తి మొత్తం అదే. ఇల్లు కూడా అద్దెదే.

అలాంటి మనిషికి ఒక పొద్దున మెకానిక్కు దగ్గర్నుంచి కబురొచ్చింది, ఉన్నపళంగా రమ్మని.

మెకానిక్కు షెడ్డు ముందు పదిమంది మూగి ఉన్నారు. మధ్యలో కాంపౌండరు బండి, ముందు చక్రం విప్పేసి ఉంది. కాంపౌండరంటే ముప్పై ఏళ్ళుగా ఆ బండి మీదే తిరిగి, మంచం దిగలేని వాళ్ళకి ఇళ్ళకే వెళ్ళి సూదులు, కట్లు వేసే మనిషి. ముందు రోజు మధ్యాహ్నం వాలు రోడ్డు దిగుతుంటే బ్రేకు పడలేదు. గోడని గుద్దుకున్నాడు. కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. ఆస్పత్రిలో ఉన్నాడు.

మెకానిక్కు అరచెయ్యి చాపాడు. అందులో బొటనవేలంత ఉక్కు ముక్క ఒకటుంది. బ్రేకు కామ్. మనం బ్రేకు పిడి నొక్కితే చక్రం లోపల తిరిగి, బ్రేకు షూలని డ్రమ్ముకేసి అదిమేది అదే. దాని చివర పళ్ళు సబ్బు బిళ్ళని మెలిపెట్టినట్టు మెలి తిరిగిపోయి ఉన్నాయి.

"మూడు చుక్కలున్నాయి మేస్త్రీ, అవి చూసే బిగించాను," అన్నాడు మెకానిక్కు. పెద్దగా ఏమీ అనలేదు. ఆ పెద్దగా అనకపోవడమే మేస్త్రికి మండింది.

"ఉంటే? ఉంటే ఏంటయ్యా? చూసి మాట్లాడు. నా చేతి ముక్క ఇలా మెలి తిరుగుతుందా? నలభై ఏళ్ళలో ఒక్కటంటే ఒక్కటి చూపించు!"

"అదే కదా నేనూ అడిగేది."

"ఆకురాయి ఇటు తే!"

తెచ్చారు. మేస్త్రి ముక్కని వైసులో బిగించి ఆకురాయితో ఒక్కసారి గీశాడు. గట్టిపరిచిన ఉక్కు మీద ఆకురాయి గాజు మీద గోరులా జారిపోవాలి. ఇక్కడ కసుక్కున దిగింది. మెరిసే గీత పడింది, పొడి రాలింది. ఆయన ఆ పొడిని వేలికి అద్దుకుని పదిమందికీ చూపించాడు.

"చూశారా? కళ్ళు పెట్టుకుని చూడండి! వెన్నముద్ద ఇది. నిప్పు మొహం చూడని ముక్క. దీన్ని నేను చేశానా? నా గుర్తు దొంగిలించి ఎవడో చెత్త అమ్ముకుంటున్నాడు! మనిషి కాలు విరగ్గొట్టారు కదరా, దొంగ వెధవల్లారా!"

పదిమందీ ఒప్పుకున్నారు. ఒప్పుకోకేం, ఆకురాయి అబద్ధం ఆడదు కదా. మెకానిక్కు మొహం తేటపడింది. ఇక మిగిలింది ఎవరు చేశారన్న ప్రశ్న. ఎవరో వెనకనుంచి నసిగారు, "ఈ చుట్టుపక్కల ఇంకో లేత్ ఉన్నది ఒక్కటే కదా" అని. అంతే, మేస్త్రి అగ్గిమీద గుగ్గిలమై రోడ్డెక్కాడు. ఆయన వెనక ఆ పదిమందీ.

ఆ ఇంకో లేత్ మలుపు దగ్గరుంది. దాన్ని నడిపేది ఒక ఆడమనిషి. నలభై ఏళ్ళుంటాయి. పదకొండేళ్ళు ఫ్యాక్టరీలో లేత్ నడిపే టర్నరుగా చేసి, అది మూతపడితే అక్కడి పాత లేత్‌నే కొనుక్కుని రెండేళ్ళ కిందట కొట్టు పెట్టుకుంది. అందరూ ఫ్యాక్టరీ అక్క అంటారు. మేస్త్రి మాత్రం ఆమె ఊసెత్తితే చాలు, 'డ్రాయింగు కాగితం లేకపోతే చెయ్యాడదు' అని ఎద్దేవా చేసేవాడు. ఆమె ఎప్పుడూ ఒక్క మాట తిరిగి అనలేదు. ఎదురుపడితే నమస్కారం పెట్టేది. అది కూడా ఆయనకి నచ్చేది కాదు.

ఆ రోజు ఆమె పంపుసెట్టు షాఫ్టు తిప్పుతోంది. ఇద్దరు రైతులు బల్ల మీద కూర్చుని ఎదురుచూస్తున్నారు. మేస్త్రి గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

"ఏమ్మా, సొంత పేరు మీద అమ్ముడుపోక నా గుర్తు పెట్టుకున్నావా?"

ఆమె లేత్ ఆపింది. "ఏంటి మేస్త్రి గారూ?"

"ఏంటా? ఇదీ!" ముక్కని ఆమె బల్ల మీదికి విసిరాడు. "ఒక మనిషి ఆస్పత్రిలో పడున్నాడు నీ పుణ్యాన!"

ఆమె ముక్క తీసి వెలుతురులో తిప్పి చూసింది. "ఇది నేను చెయ్యలేదండీ. మోటారుసైకిలు పని నేను అసలు ముట్టుకోను. కావాలంటే నా పంచ్‌లు చూడండి. కొట్టంతా వెతకండి."

"దొంగతనం చేసినవాళ్ళు గుమ్మంలో పెట్టుకుంటారా? సిగ్గుండాలి! పని రాకపోతే ఇంట్లో కూర్చోవాలి!"

ఇంకా ఏమేమో అన్నాడు. అవన్నీ ఇక్కడ రాయడం నాకిష్టం లేదు. ఆమె మొహం ఎర్రగా కందిపోయింది గాని, "నేను చెయ్యలేదు" అన్న ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ అంది. రైతులిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, షాఫ్టు సగంలో ఉండగానే అడిగి తీసుకుని వెళ్ళిపోయారు. సాయంత్రానికి మెకానిక్కు తను ఆమెకిచ్చిన రెండు పనులూ వెనక్కి తెప్పించుకున్నాడు. ఏం మనుషులండీ! ఒక్కడంటే ఒక్కడు ఆమె డ్రాయరు తెరిచి చూడలేదు. నోరు పెద్దదైతే సాక్ష్యం అక్కర్లేదు కాబోలు.

మేస్త్రి ఇంటికెళ్ళి భార్యకి ఈ కథంతా చెప్పాడు. గెలిచొచ్చిన మనిషిలా చెప్పాడు. ఆవిడ ముప్పై ఆరేళ్ళుగా ఈ అరుపుల మధ్య కాపురం చేస్తున్న మనిషి. అంతా విని, "నేను ఇప్పుడే ఆస్పత్రి నుంచి వస్తున్నా. ఆ ముక్క మా తమ్ముడి కొట్లో కొన్నాడట కాంపౌండరు. వాళ్ళావిడ చెప్పింది," అంది.

"మీ తమ్ముడా! వాడికి బుద్ధుందా? దొంగ సరుకు కొని అమ్ముతాడా? నా గుర్తు నా బావమరిదికి తెలీదా?"

"వాడిని అడగండి. నా మీదెందుకు అరుస్తారు?"

మర్నాడు పొద్దున్నే బావమరిది కొట్టుకి వెళ్ళాడు. అది పాత స్పేర్‌పార్టుల కొట్టు. పై కప్పు దాకా డబ్బాలు, తీగలకి వేలాడే గొట్టాలు, నేల మీద కాలు పెట్టే చోటు ఉండదు. బావమరిది మెత్తటి మనిషి. బావ వస్తుంటే దూరం నుంచే స్టూలు తుడిచి పెడతాడు.

"ఆవిడ నీకు ఎన్ని అమ్మింది? మొత్తం బయటపెట్టు!" అన్నాడు మేస్త్రి, కూర్చోకుండానే.

"ఎవరు బావా?"

"ఆ ఫ్యాక్టరీ మనిషి! మూడు చుక్కల కామ్‌లు!"

బావమరిది వెర్రిమొహం వేశాడు. "ఆవిడెందుకు అమ్ముతుంది బావా? అది నువ్విచ్చిందే కదా!"

"ఏంట్రా వాగుతున్నావ్?"

"నిరుడు, ఆ తెల్లచొక్కా వ్యాపారిని నేనే నీ దగ్గరికి తెచ్చాను కదా. బయట ఫ్యాక్టరీలో వంద చేయిస్తాం, కొలతకి ఒక నమూనా కావాలన్నాడు. నువ్వే చేసి ఇచ్చావు. తర్వాత ఆయన వద్దనుకుని నా కొట్టుకి తిప్పి పంపించాడు. నేను డ్రాయర్లో పడేశాను. మొన్న కాంపౌండరు వచ్చి ఇదే కావాలన్నాడు. మూడు చుక్కలు చూశాను, ఇచ్చేశాను. మూడు చుక్కలుంటే ఇక చూసేదేముంది బావా?"

మేస్త్రి స్టూలు మీద కూలబడ్డాడు. తల కొట్టేసినట్టయింది.

గుర్తొచ్చింది. నమూనా ముక్కని ఎవరూ కాల్చి గట్టిపరచరు. దాన్ని కోసి చూసుకుంటారు, గీసి చూసుకుంటారు, అందుకే మెత్తగా ఉంచుతారు. గుర్తు కూడా కొట్టరు. అది పని చేసే ముక్క కాదు గనక. ఈ సంగతి లేత్ పట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. ఆయనకీ తెలుసు. కానీ ఆ రోజు ఆ తెల్లచొక్కా మనిషి నమూనాని చేతిలో తిప్పుతూ, 'ఎవరు చేస్తే ఏముందండీ, కొలత కొలతే కదా' అన్నాడు. మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. నా కొలతలు పట్టుకుపోతూ నా పేరు అక్కర్లేదంటాడా అని ముక్క లాక్కుని, పళ్ళు కొరుకుతూ టక్ టక్ టక్ మూడు చుక్కలు కొట్టి మొహాన పడేశాడు. కోపంతో కొట్టాడు. కొట్టి మర్చిపోయాడు.

"నా దగ్గరికి రాకుండా నీ దగ్గరికెందుకొచ్చాడు ఆ కాంపౌండరు?" అని గొణిగాడు. ఇంకా ఎవరో ఒకరి మీద నెట్టాలని చూస్తున్నాడు చూడండి!

"ముందు నీ దగ్గరికే వచ్చాడట. బ్రేకు విప్పేసిన బండి అంత దూరం తోసుకురాలేక ముక్క ఒక్కటే తెచ్చాడట. గోడ మీద రాసింది కనపడట్లేదా అని తిట్టి పంపించేశావట."

అదీ నిజమే.

బావమరిది గొంతు తగ్గించాడు. "బావా, అయిందేదో అయింది. ఈ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. దొంగ సరుకని అందరూ నమ్మేశారు. నువ్వు గమ్మునుండు. నీ పేరు పోతే నీకేం మిగులుతుంది చెప్పు? అక్క ఏమైపోతుంది?"

నాలుగు రోజులు మేస్త్రి గమ్మునున్నాడు. అలా ఉండటం ఆయన ఒంటికి పడదు. షట్టరు ఎత్తాడు, తిట్టలేదు. కరెంటు పోతే ఊరికే కూర్చున్నాడు. వచ్చినవాళ్ళు 'ఆ దొంగ మనిషికి బాగా బుద్ధి చెప్పారు మేస్త్రీ' అని మెచ్చుకుంటుంటే, చేతిలో ఉన్నది ఎత్తి వాళ్ళ నెత్తిన కొట్టాలనిపించేది. మెచ్చుకున్నది ఒకళ్ళా ఇద్దరా! కోపం లేదని కాదు, కొండంత ఉంది. కానీ ఎవరి మీద పడదామన్నా చుట్టూ తిరిగి తన దగ్గరికే వచ్చేది. మలుపు దాటి వెళ్ళాల్సి వస్తే వేరే వీధి చుట్టి వెళ్ళేవాడు.

నాలుగో రోజు భార్య బట్టలు మడతపెడుతూ, "ఫ్యాక్టరీ అక్క లేత్ అమ్మేస్తోందట," అంది. "ఎవరూ పని ఇవ్వట్లేదట. ఇద్దరు పిల్లలు పాపం."

మేస్త్రి తలెత్తలేదు. ఆవిడ ఇంకో రెండు బట్టలు మడిచి, "మా తమ్ముడు నాతో అన్నీ చెబుతాడు," అంది. ఇంకేం అనలేదు. ముప్పై ఆరేళ్ళలో ఆవిడ మొగుడిని అంత గట్టిగా తిట్టడం అదే మొదటిసారి.

ఆయన చొక్కా వేసుకుని బయల్దేరాడు.

ఫ్యాక్టరీ అక్క కొట్లో లేత్ తుడిచి, నూనె రాసి ఉంది. కొనేవాళ్ళకి చూపించడానికన్నమాట. ఆమె నేల మీద కూర్చుని పనిముట్లని వరసగా గుడ్డలో చుడుతోంది. ఈయన్ని చూసి లేచి నిలబడింది. నమస్కారం పెట్టలేదు.

"ఆ ముక్క నాదే," అన్నాడు మేస్త్రి. "నమూనా. నేనే చేశాను. కోపంలో గుర్తు కొట్టాను. నిన్ను అనవసరంగా అన్నాను."

ఆమె చేతిలో గుడ్డని బల్ల మీద పడేసింది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"మర్నాడే."

"మర్నాడే! నాలుగు రోజులా? నాలుగు రోజులు నోరు మూసుకుని కూర్చున్నారా? నన్ను తిట్టడానికి నాలుగు నిమిషాలు ఆగలేదు కదా మీరు! మా అబ్బాయిని బళ్ళో దొంగ కొడకా అన్నారు, తెలుసా? నా లేత్ చూడటానికి వచ్చినవాడు, ఇది కూడా దొంగదేమోనని బేరం తగ్గించమన్నాడు, తెలుసా?" ఆమె ఒక అడుగు ముందుకేసింది. "పని రాకపోతే ఇంట్లో కూర్చోవాలా నేను? పదకొండేళ్ళలో నా చేతి ముక్క ఒక్కటి వెనక్కి రాలేదు. గుర్తులూ చుక్కలూ నాకు అక్కర్లేకపోయాయి. సిగ్గుండాలన్నారే, ఎవరికుండాలి చెప్పండి ఇప్పుడు?"

మేస్త్రిని ఇంతవరకు ఎవరూ అలా నిలబెట్టి కడిగెయ్యలేదు.

"పదిమందిలో తిట్టి, చెవిలో క్షమాపణ చెబుతారా? పదండి. ఎక్కడ అన్నారో అక్కడే అనండి."

ముందు ఆమె నడిచింది. వెనక ఆయన.

షెడ్డు దగ్గర జనం ఉండనే ఉన్నారు. కాంపౌండరు కూడా ఉన్నాడు. ఆస్పత్రి నుంచి ఆ పొద్దున్నే ఇంటికొచ్చి, బండి చూస్తే గాని కాలు నిలవదని కొడుకు భుజం పట్టుకుని వచ్చాడు. కట్టు కట్టిన కాలు ఇంకో కుర్చీ మీద చాపుకుని కూర్చున్నాడు. మేస్త్రి ఆయన ముందు నిలబడి అంతా చెప్పాడు. నమూనా సంగతి, చుక్కల సంగతి, నాలుగు రోజుల సంగతి, అన్నీ. మధ్యలో ఒకసారి ఆ తెల్లచొక్కా వెధవని తిట్టబోయి మింగేశాడు.

తర్వాత మెకానిక్కు లోపలికెళ్ళి, మేస్త్రి చేసిచ్చిన ముక్కలున్న డబ్బా తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాడు.

"ఇవి తీసుకుపో మేస్త్రీ. ఏది నమూనానో ఏది కాదో నాకు తెలీదు. నేను బిగించలేను."

ఆ మాటకి మేస్త్రి పిడికిళ్ళు బిగుసుకున్నాయి. నలభై ఏళ్ళు! నోటిదాకా వచ్చింది. కాంపౌండరు మొహం చూసి ఆగిపోయాడు.

"నువ్వు నన్ను తిట్టి పంపినందుకు నాకు కోపం లేదు," అన్నాడు కాంపౌండరు మెల్లగా. "నువ్వెవరిని తిట్టలేదు గనక! నాలుగు రోజులు మంచం మీద పడుకుని ఈవిడని నేను తిట్టుకున్నాను చూడు, దానికి కోపంగా ఉంది నాకు. అది నీ వల్ల." ఊపిరి తీసుకున్నాడు. "నాకు కామ్ కావాలి. కాలు నయమయ్యేసరికి బండి తిరగాలి. నాకోసం ఎదురుచూసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది ఈవిడ చేస్తుంది, ఒప్పుకుంటే."

ఫ్యాక్టరీ అక్క తల అడ్డంగా ఊపింది. "నాకు కొలతలు తెలీవు. కంపెనీ డ్రాయింగులు ఎక్కడా లేవు. ఉన్న ఒక్క కామూ మెలి తిరిగిపోయింది."

"కొలతలు ఈయనకి తెలుసు," అన్నాడు కాంపౌండరు.

అందరూ మేస్త్రి వైపు చూశారు. ఆ కొలతలు ఆయన కాగితం మీద కూడా పెట్టలేదు. పెళ్ళాం అడిగినా చెప్పలేదు. కంపెనీ ఉన్న రోజుల్లో కొత్త బండ్లు విప్పి, ఒక్కొక్క ముక్కా కొలిచి తలలో పెట్టుకున్నవి. వాటికోసమే ఇన్నేళ్ళూ జనం ఆయన తిట్లు పడ్డారు.

ఆయన మలుపు వైపు, ఆమె కొట్టుకి నడిచాడు. ఇది చూడకుండా ఎవరుంటారు? అందరూ వెనకే వచ్చి గుమ్మం దగ్గర మూగారు. ఆమె గుడ్డ విప్పి పనిముట్లు మళ్ళీ బయటికి తీసింది. లారీ ఇరుసు ముక్క బిగించి మోటారు వేసింది. మందం కొలిచే వెర్నియర్ చేతిలోకి తీసుకుని, ఆయన వైపు తిరక్కుండానే, "చెప్పండి," అంది.

మేస్త్రి నోరు తెరిచాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి పెదాలు కదిలాయి.

"వినపడట్లేదు," అంది ఆమె. "గట్టిగా చెప్పండి."

"పద్నాలుగు మిల్లీమీటర్లు," అన్నాడు మేస్త్రి. "మూడు వందోవంతులు తక్కువ." గుమ్మంలో నిలబడ్డవాళ్ళందరికీ వినపడింది.

ఆమె తల ఊపి పనిముట్టుని ఉక్కుకి ఆనించింది. ఆయన తర్వాతి కొలత చెప్పాడు.